నాళం ఎందుకు బిగుసుకుంటుంది?



వానాకాలం వస్తే మన పల్లెల్లో ఒక మాట ఎక్కువగా వినబడుతుంది. "ప్లేట్‌లెట్లు పడిపోయాయట" అంటారు. ఎవరికైనా నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే, పరామర్శకు వచ్చినవాళ్ళు ముందు అడిగే ప్రశ్న "ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?" అనే. డెంగీ జ్వరం పుణ్యమా అని ఈ వైద్యశాస్త్రపు మాట దేవదుర్గం సంతలోనూ, జాలహళ్ళి టీ కొట్టులోనూ, కాలువల కింద తెలుగు రైతులు కట్టుకున్న క్యాంపుల్లోనూ మామూలు మాట అయిపోయింది. బడిపుస్తకాల్లో వీటినే రక్తఫలకికలు అని రాస్తారు. పేరు ఏదైనా, అవి తగ్గితే రక్తం ఆగదు అన్నంత వరకు అందరికీ తెలుసు.

అయితే అవి రక్తాన్ని ఎలా ఆపుతాయి అని అడిగితే, "చిల్లికి అడ్డం పడతాయి" అంటాం. అది నిజమే, కాని సగం నిజం. ప్లేట్‌లెట్లు చిల్లికి అడ్డం పడడమే కాదు, చిల్లిపడ్డ గొట్టాన్నే బిగిస్తాయి. వాటి కడుపులో ఉన్న కొన్ని పదార్థాలను విడిచి, రక్తనాళం చుట్టూ ఉన్న కండరం ముడుచుకునేలా చేస్తాయి. ఈ రెండో సగం తెలియడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ నూరేళ్ళ కథ ఈ రోజు మీతో చెప్పుకుందామని ఉంది. అందులో మన హైదరాబాదు ఉంది, మన భీమవరం ఉంది, మన అడవుల్లో దొరికే ఒక వేరు కూడా ఉంది.

ముందు ఒక చిన్న లెక్క. పొలానికి నీళ్ళు పెట్టేవారికి ఇది చెప్పనక్కరలేదు. పైపు లావు సగానికి తగ్గితే నీరు సగం వస్తుందా? రాదు. అంతకంటే ఎంతో తక్కువ వస్తుంది. పాజ్వా అనే ఫ్రెంచి వైద్యుడు 1840ల్లో సన్నని గాజుగొట్టాల్లో ద్రవాలను పారించి ఈ లెక్క కట్టారు. గొట్టం వ్యాసం సగమైతే, తక్కినవన్నీ మారకుండా ఉంటే, ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. అంటే సన్నని ధమని కొంచెం బిగుసుకున్నా చాలు, రక్తం బాగా తగ్గిపోతుంది. కొడవలి వేలికి తగిలినప్పుడు ఇది వరం. గుండె కండరానికి రక్తం తీసుకుపోయే నాళంలో ఇదే జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. పని ఒక్కటే, చోటు మారింది, అంతే.

ఇక కథలోకి వద్దాం. 1868లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో కార్ల్ లూద్విగ్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో ఒక పని జరుగుతోంది. కుక్క కండరాన్ని శరీరం నుంచి వేరుచేసి, దాని నాళాల్లోకి రక్తాన్ని పంపి, అది ఎలా బతుకుతుందో చూస్తున్నారు. మామూలు రక్తం గొట్టాల్లో గడ్డకడుతుంది కనుక, ముందే గడ్డ కట్టే భాగాన్ని చిలికి తీసేసిన రక్తాన్ని వాడేవారు. ఆ రక్తం కండరంలోకి వెళ్ళేకొద్దీ నాళాలు బిగుసుకుపోయి ప్రవాహానికి అడ్డం పెరిగేది. బతికున్న జంతువులో రక్తం హాయిగా పారుతుంది. అదే రక్తాన్ని బయటికి తీసి మళ్ళీ పంపితే నాళం మొరాయిస్తుంది. ఎందుకు?

ఇక్కడ రెండు మాటలకు తేడా చెప్పుకోవాలి. రక్తాన్ని ఒక గిన్నెలో వదిలేస్తే పెరుగులా గడ్డ కడుతుంది. కాసేపటికి పెరుగు మీద తేట తేరినట్టు పసుపుపచ్చని నీరు తేరుతుంది. దాన్ని సీరం అంటారు. అలా కాక, గడ్డ కట్టకుండా మందు కలిపి, కణాలను అడుగుకు దింపి పైనున్న నీటిని తీస్తే, దాన్ని ప్లాస్మా అంటారు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఏమిటంటే, సీరం గడ్డ కట్టడమనే తతంగం అంతా చూసి వచ్చిన నీరు. ప్లాస్మా దాన్ని చూడనిది. మన కథ అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. దాన్ని పట్టుకోవడానికే దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

ఆ రోజుల్లోనే, 1867లో, ఎడింబరో ఆసుపత్రిలో లాడర్ బ్రంటన్ అనే కుర్ర డాక్టరు రాత్రిపూట గుండెనొప్పితో మెలికలు తిరిగే ఒక రోగి నాడిని పరికరంతో గీతలుగా గీయించి చూస్తున్నారు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ గీతలు మారుతున్నాయి. నాళాలు బిగుసుకొని, రక్తపు ఒత్తిడి పెరుగుతోందని ఆయన అనుకున్నారు. అలాగైతే నాళాలను సడలించే మందు ఇస్తే నొప్పి తగ్గాలి కదా అని, ఎమైల్ నైట్రైట్ అనే ద్రవాన్ని కొన్ని చుక్కలు గుడ్డమీద వేసి వాసన చూపించారు. నిమిషం లోపల నొప్పి పోయింది. గుండెనొప్పికి నిజంగా పనిచేసిన మొదటి మందు అది. ఆ మందు సడలించేది ధమనులనే కాదు, సిరలను కూడా అని తరువాతి వారు తేల్చారు. అయినా నాళం బిగుసుకోవడానికీ గుండెనొప్పికీ సంబంధం ఉందన్న ఆలోచన ఆ రాత్రుల నుంచే వైద్యంలో నాటుకుంది. తరువాత బ్రంటన్ కొంతకాలం లైప్‌జిగ్ వెళ్ళి అదే లూద్విగ్ దగ్గర పనిచేశారు.

ఈ బ్రంటన్ పేరు మనకెందుకు అంటే, 1889లో ఆయన మన హైదరాబాదుకు వచ్చారు. క్లోరోఫాం మత్తు ఇచ్చినప్పుడు మనిషి ఊపిరి ఆగి చనిపోతాడా, గుండె ఆగి చనిపోతాడా అని అప్పట్లో పెద్ద తగవు నడిచేది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందని పట్టుబట్టారు. నిజాం ప్రభుత్వం డబ్బు ఇచ్చి 1888లో ఒక సంఘాన్ని, 1889లో రెండో సంఘాన్ని వేయించింది. లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిగా బ్రంటన్‌ను పంపింది. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ చెప్పిందే నిజమని తేల్చారు. అది పూర్తి నిజం కాదని, క్లోరోఫాం గుండెను కూడా ఆపగలదని తరువాత రుజువైంది. ఆ తగవు మన విషయం కాదు. ఆనాడు రాయచూరు ప్రాంతమంతా నిజాం ఏలుబడిలోనే ఉండేది. నాళాల బిగువు గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆలోచించిన వైద్యుల్లో ఒకరు జాలహళ్ళి రైతులు శిస్తు కట్టిన ఖజానా ఖర్చుతోనే మన గడ్డమీద పనిచేసి వెళ్ళారన్నమాట. బ్రంటన్‌కు గాని, ఆనాడు మరెవరికి గాని, ఆ బిగువులో ప్లేట్‌లెట్ల చెయ్యి ఉండవచ్చునన్న ఊహ లేదు.

ప్లేట్‌లెట్లనే అప్పటికి కొత్తగా గుర్తించారు. సూక్ష్మదర్శినిలో చూసినవారికి రక్తంలో సన్నని నలకల్లాంటివి కనిపించేవి. కొందరు వాటిని విరిగిపోయిన కణాల తుక్కు అనుకున్నారు. కొందరు సూక్ష్మజీవులనుకున్నారు. 1882లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో జూలియో బిజ్జోజేరో అనే శాస్త్రజ్ఞుడు బతికున్న జంతువుల సన్నని నాళాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, నాళం గోడను గాయపరచి చూశారు. గాయమైన చోటికి ఈ నలకలు వచ్చి అతుక్కోవడం ఆయన కళ్ళారా చూశారు. ఇవి తుక్కు కాదు, రక్తాన్ని ఆపే పనివాళ్ళు అని చెప్పారు. 1906లో బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ ఇవి ఎముకల మూలుగలోని పెద్ద పెద్ద కణాల నుంచి తునకలుగా విడివడి వస్తాయని చూపించారు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు నాలుగువందలో వంతు ఉంటుంది. దానికి కేంద్రకం లేదు. వారం నుంచి పది రోజులు బతుకుతుంది. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. మీ రిపోర్టులో వేసే లెక్క ఇదే.

ఇప్పుడు మళ్ళీ సీరం దగ్గరికి వద్దాం. 1901 నాటికి అడ్రినలిన్ అనే పదార్థాన్ని శుద్ధిచేశారు. అది నాళాలను గట్టిగా బిగిస్తుంది. దాంతో డాక్టర్లకు ఒక ఆశ పుట్టింది. రక్తపోటు ఉన్నవారి రక్తంలో అడ్రినలిన్ ఎక్కువ ఉంటుందేమో, కొలిచి చూద్దాం అనుకున్నారు. కొలవడానికి యంత్రాలు లేవు. రోగి రక్తం తీసి, గడ్డ కట్టించి, ఆ సీరాన్ని ఒక జంతువు నాళం మీద పోసి చూసేవారు. నాళం బిగిసింది! అదుగో అడ్రినలిన్ అన్నారు. ఇలా ఎన్నో వ్యాసాలు వచ్చాయి. 1912లో ఓ'కానర్ అనే శాస్త్రజ్ఞుడు అడగవలసిన ప్రశ్న అడిగారు. సీరం బదులు ప్లాస్మా వాడితే ఏమవుతుంది? ప్లాస్మా పోస్తే నాళం బిగుసుకోలేదు. అంటే ఆ బిగించే గుణం తిరిగే రక్తంలో లేదు. రక్తం గడ్డ కట్టేటప్పుడు పుడుతోంది. అప్పటిదాకా అడ్రినలిన్ అని లెక్కకట్టినదంతా గిన్నెలో పుట్టిన మరేదో పదార్థం. నా ఉద్దేశంలో ఈ కథలో అన్నిటికంటే తెలివైన ప్రయోగం ఇదే. ఖర్చు లేదు, కొత్త పరికరం లేదు, ఉన్నదల్లా ఒక అనుమానం.

1918లో అమెరికాలో జేన్‌వే, ఆయన సహచరులు మరో అడుగు వేసి, ఆ పదార్థం ప్లేట్‌లెట్ల నుంచే వస్తోందని చెప్పారు. అక్కడితో విషయం తేలిపోవలసింది. కాని ఆ పదార్థం ఏమిటో ఎవరూ పట్టుకోలేకపోయారు. మరో ముప్ఫయ్యేళ్ళు అది ప్రయోగశాలల్లో ఒక పీడగానే మిగిలింది. నాళాల మీద ఏ మందు పరీక్షించాలన్నా, ముందు రక్తంలోని ఈ గొడవ పదార్థాన్ని వదిలించుకోవలసి వచ్చేది. పారబొయ్యడానికే అందరూ దాన్ని పట్టించుకున్నారు.

చివరికి దాన్ని పట్టుకున్నవారు కూడా పారబొయ్యడానికే పట్టుకున్నారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఇర్విన్ పేజ్ అనే వైద్యుడు రక్తపోటుకు కారణమైన పదార్థాన్ని వెతుకుతున్నారు. ఆయన చూడదలచుకున్నది వేరు. సీరంలోని ఈ పాత పదార్థం ప్రతిసారీ అడ్డం వస్తోంది. అసలు దీన్ని శుద్ధిచేసి గుర్తుపడితే దీని బెడద వదులుతుంది కదా అని ఆ పనిని మారిస్ రాపోర్ట్ అనే యువ రసాయనవేత్తకు అప్పగించారు. ఆర్డా గ్రీన్ అనే అనుభవజ్ఞురాలైన మహిళా శాస్త్రజ్ఞురాలు ఆయనకు తోడయ్యారు. కబేళాల నుంచి పశువుల రక్తం తెప్పించి, వందల లీటర్ల సీరాన్ని వడబోసి, కాచి, కరిగించి, చివరికి కొద్దిపాటి స్ఫటికాలు తీశారు. అంత సీరానికి చేతికి వచ్చింది మిల్లీగ్రాముల లెక్కలోనే. సీరం నుంచి వచ్చింది, నాళానికి బిగువు, అంటే టోనస్, ఇస్తుంది కనుక సెరొటోనిన్ అని పేరు పెట్టారు. 1948 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో ఆ వార్త వచ్చింది. మరుసటి ఏడు రాపోర్ట్ దాని రసాయన నిర్మాణం కూడా చెప్పారు.

దీనికి ఒక కొసరు కథ ఉంది. ఇటలీలో విట్టోరియో ఎర్‌స్పామర్ అనే శాస్త్రజ్ఞుడు 1930ల నుంచి పేగు గోడలోని ఒక పదార్థం మీద పనిచేస్తున్నారు. దానికి ఆయన ఎంటెరమిన్ అని పేరు పెట్టుకున్నారు. 1952లో రెండూ ఒకటేనని తేలింది. ఇప్పుడు మనకు తెలిసిందేమిటంటే, ఒంట్లోని సెరొటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళకు పైగా పేగులోనే తయారవుతుంది. ప్లేట్‌లెట్లు దాన్ని తయారుచేయలేవు. పేగు నుంచి రక్తంలోకి వచ్చినదాన్ని ఏరుకుని, తమలోని గింజల్లాంటి సంచుల్లో దాచుకుంటాయి. గాయం తగిలినప్పుడు కుమ్మరిస్తాయి. సీరంలోని సెరొటోనిన్ ప్లేట్‌లెట్లదేనని 1951లో ఆస్ట్రేలియాలో రాండ్, రీడ్ అనే ఇద్దరు నిరూపించారు.

1948 అన్నాను. ఆ ఏడు మనకు ఇంకొకందుకు గుర్తుండాలి. సెరొటోనిన్ వార్త రావడానికి నెలముందు, ఆగస్టులో, యల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రంలో కన్నుమూశారు. 1895లో భీమవరంలో పుట్టినవారు. వయస్సు 53 ఏళ్ళు. గుండెపోటుతో నిద్రలోనే పోయారు. మీ క్యాంపుల్లో పెద్దవారు చాలామంది గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారే కనుక ఆయన పేరు మీకు కొత్త కాదు. బోదకాలు మందు అనో, ఫోలిక్ ఆమ్లం అనో, కాన్సరు మందు అనో ఆయనను తలుచుకుంటారు. కాని ప్లేట్‌లెట్ల కథలో ఆయన వాటా గురించి చెప్పినవారు తక్కువ.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తున్నప్పుడు 1929లో సుబ్బారావుగారు కండరంలో ఒక పదార్థాన్ని కనుగొన్నారు. అదే ఏటీపీ. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఒంట్లో ప్రతి కణానికీ అది చేతిఖర్చు డబ్బులాంటిది. ఏ పనికైనా అదే చెల్లించాలి. ఏటీపీలో మూడు ఫాస్ఫేటు ముక్కలు ఉంటాయి. ఒకటి ఊడితే మిగిలేది ఏడీపీ. 1961లో నార్వేలోని ఓస్లోలో గార్డర్, ఆమె సహచరులు ఒక ఆశ్చర్యమైన సంగతి బయటపెట్టారు. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పిలుచుకుని గుంపు కట్టడానికి వాడుకునే పదార్థాల్లో ఈ ఏడీపీ ముఖ్యమైనది. ప్లేట్‌లెట్‌లో సెరొటోనిన్ దాచుకున్న సంచుల్లోనే ఏటీపీ, ఏడీపీ కూడా ఉంటాయి. సంచి విప్పితే అన్నీ ఒక్కసారే బయటికి వస్తాయి. ఒకటి తోటివారిని కేకేస్తుంది, ఒకటి నాళాన్ని బిగిస్తుంది. క్లోపిడోగ్రెల్ అని గుండె జబ్బు ఉన్నవాళ్ళు రోజూ వేసుకునే మాత్ర ఉంది చూశారూ, అది ఈ ఏడీపీ కేక మరో ప్లేట్‌లెట్ చెవిన పడకుండా చేస్తుంది. సుబ్బారావుగారి గుండెనాళంలో ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పడానికి ఆధారాలు లేవు. ఆయన తొలినాళ్ళలో పట్టుకున్న పదార్థపు బంధువే గుండెపోటు వైద్యానికి ఒక తాళంచెవి అయిందన్న మాట మాత్రం నిజం.

సరే, సెరొటోనిన్ దొరికింది, ప్లేట్‌లెట్ల రహస్యం విడిపోయింది అని అందరూ అనుకున్నారు. ఆ నమ్మకాన్ని కదిలించింది మన సర్పగంధ వేరు. మనదేశంలో పిచ్చికీ, నిద్రలేమికీ తరతరాలుగా వాడిన వేరు అది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాన్ని రక్తపోటుకు వాడి, ఫలితాలను ఇంగ్లండు పత్రికలో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే మందు తీశారు. ఆ మందు వేసుకున్నవారి ప్లేట్‌లెట్లలో సెరొటోనిన్ దాదాపు ఖాళీ అయిపోతుందని తరువాత తెలిసింది. అంటే ప్రకృతి ఒక చక్కని పరీక్ష పెట్టినట్టయింది. నాళాన్ని బిగించేది సెరొటోనిన్ ఒక్కటే అయితే, రిసర్పిన్ వేసుకున్నవారికి చిన్న గాటు పడినా రక్తం ఆగకూడదు. 1957లో అమెరికాలో అది పరీక్షించి చూశారు. ఆగుతోంది, మామూలుగానే ఆగుతోంది. కాబట్టి ప్లేట్‌లెట్ల దగ్గర ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో దొరికిన తీరు కూడా వెతికితే దొరికినది కాదు. లండన్‌లో జాన్ వేన్ ఒక చిత్రమైన పద్ధతి వాడేవారు. జంతువుల నాళాల ముక్కలను, పేగు ముక్కలను ఒకదాని కింద ఒకటి వేలాడదీసి, పై ముక్క మీద పోసిన ద్రవం కిందిదాని మీదికి, అక్కణ్ణుంచి ఇంకో కిందిదాని మీదికి జారేలా చేసేవారు. మడి నుంచి మడికి నీరు పారించినట్టే. ఏ ముక్క ముడుచుకుంది, ఏది సడలింది అన్నదాన్ని బట్టి ద్రవంలో ఏముందో చెప్పేవారు. 1969లో ప్రిసిలా పైపర్, వేన్ కలిసి గినీపందుల ఊపిరితిత్తుల నుంచి వచ్చిన ద్రవాన్ని ఇలా పారిస్తే, కుందేలు ధమని ముక్క గట్టిగా ముడుచుకుంది. కొద్ది నిమిషాల్లో ఆ గుణం మాయమైంది. అప్పటికి తెలిసిన ఏ పదార్థమూ అలా ప్రవర్తించదు. పేరు తెలియక "కుందేలు ధమనిని ముడిచే పదార్థం" అని పిలిచారు. ముందుగా ఆస్పిరిన్ ఇస్తే అది పుట్టడం లేదని కూడా గమనించారు. ఆస్పిరిన్ ఒంట్లో ఏం చేస్తుందో 1971లో వేన్ చెప్పగలిగారంటే దానికి పునాది ఇక్కడే పడింది.

ఆ మాయదారి పదార్థాన్ని పట్టుకున్నవారు స్వీడన్ వాళ్ళు. 1975లో స్టాక్‌హోంలోని కరోలిన్స్కా సంస్థలో హాంబర్గ్, స్వెన్సన్, సామ్యుయెల్సన్ అనే ముగ్గురు మనిషి ప్లేట్‌లెట్లతో పనిచేస్తూ, అవి గుంపు కట్టేటప్పుడు క్షణకాలం బతికే ఒక పదార్థం పుడుతోందని చూపించారు. దానికి థ్రాంబాక్సేన్ అని పేరు పెట్టారు. ఒంటి వేడిమి దగ్గర ముప్ఫై సెకన్లలో దానిలో సగం చెడిపోతుంది. ఇంకో ముప్ఫై సెకన్లలో మిగిలిన దానిలో సగం. అందుకే అన్నేళ్ళు ఎవరికీ చిక్కలేదు. సెరొటోనిన్‌లా ఇది సంచిలో దాచిపెట్టుకున్న సరుకు కాదు. గాయం తగిలిన క్షణాన ప్లేట్‌లెట్ తన పైపొరలోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని ఊడదీసి, అప్పటికప్పుడు వండి వడ్డిస్తుంది. నాళాన్ని బిగించడంలో అది ఎంతో బలమైనది. పక్కనున్న ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుంది కూడా. నాళం గోడలోని కండర కణాల మీద దానికోసం ప్రత్యేకమైన గ్రాహకాలు ఉన్నాయి. అది వచ్చి తగలగానే కండరం లోపల కాల్షియం పెరిగి, కండరం ముడుచుకుంటుంది.

మరి ఇంత బలమైన వస్తువు రక్తంలో తిరిగే ప్లేట్‌లెట్లన్నిటి చేతిలోనూ ఉంటే, మన నాళాలు రోజూ ఎందుకు బిగుసుకుపోవడం లేదు? మరుసటి ఏడు, 1976లో, వేన్ బృందమే దానికీ జవాబు చెప్పింది. నాళం లోపలి పొర ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థం తయారుచేస్తుంది. అది సరిగ్గా వ్యతిరేకం. నాళాన్ని సడలిస్తుంది, ప్లేట్‌లెట్లను శాంతపరుస్తుంది. రెండూ ఒకే ముడిసరుకు నుంచి పుట్టినవే, దాయాదులన్నమాట. పొర నున్నగా ఉన్నంతకాలం ప్రోస్టాసైక్లిన్‌దే పైచెయ్యి. పొర చిరిగిన చోట థ్రాంబాక్సేన్ గెలుస్తుంది. ఈ పనులకు గాను 1982లో సామ్యుయెల్సన్, వేన్, వారితో పాటు బెర్గ్‌స్ట్రామ్ నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఇక ఆస్పిరిన్ సంగతి. శాస్త్రజ్ఞులకంటే ముందే కాలిఫోర్నియాలో లారెన్స్ క్రావెన్ అనే మామూలు డాక్టరు ఒకటి గమనించారు. గొంతులో టాన్సిళ్ళు తీయించుకున్నవారు నొప్పికి ఆస్పిరిన్ బంక నమిలితే రక్తం ఆగడం లేదు. అలాగైతే గుండెనాళాల్లో గడ్డ కట్టకుండా ఉండడానికి ఇదే పనికివస్తుంది కదా అని 1950లోనే రాశారు. పోల్చి చూసుకోవడానికి మందు ఇవ్వని గుంపు లేకపోవడం వల్ల ఆయన మాటను పెద్దలు పట్టించుకోలేదు. ఎలా పనిచేస్తుందన్నది 1975లో తేలింది. థ్రాంబాక్సేన్ వండే ఎంజైముకు ఆస్పిరిన్ శాశ్వతంగా తాళం వేస్తుంది. వేరే కణమైతే కొత్త ఎంజైము చేసుకుంటుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కనుక చేసుకోలేదు. తన వారం పది రోజుల బతుకంతా తాళం పడ్డట్టే గడుపుతుంది. అందుకే చిన్న మాత్ర రోజుకొకటి చాలు.

అసలు రుజువు 1988లో వచ్చింది. గుండెపోటు అనుమానంతో 24 గంటల లోపల చేరిన 17,187 మంది మీద 417 ఆసుపత్రుల్లో పరీక్ష జరిగింది. 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నెలరోజులు ఇచ్చినవారిలో, ఇవ్వనివారికంటే అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు 23 శాతం తక్కువ. ఇంకోలా చెప్పాలంటే, వందమంది పోవలసిన చోట డెబ్భై ఏడుగురు పోయారు. టీ ఖర్చుకంటే తక్కువ ధర మాత్రకు ఇది చిన్న సంగతి కాదు. అయితే దీన్ని చూసి ఆరోగ్యంగా ఉన్నవారు కూడా రోజూ వేసుకోవడం మొదలుపెట్టారు. 2018లో ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధుల మీద జరిగిన పరీక్షలో జబ్బు లేనివారికి దానివల్ల మేలు కనబడలేదు. రక్తస్రావం మాత్రం పెరిగింది. కనుక ఇప్పటికే గుండెపోటు వచ్చినవారి లెక్క వేరు, రానివారి లెక్క వేరు. పక్కింటి తాతగారు వేసుకుంటున్నారని మీరు వేసుకోకండి.

మరి సెరొటోనిన్ పక్కకు పోయిందా? పోలేదు. 1980లో అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ నాళాల లోపలి పొర సడలించే సంకేతం ఒకటి పంపుతుందని చూపించారు. అది నైట్రిక్ ఆక్సైడ్ వాయువని తరువాత తెలిసింది. 1998లో ఆయనకూ నోబెల్ వచ్చింది. దీంతో సెరొటోనిన్‌కు ఉన్న రెండు ముఖాలు బయటపడ్డాయి. 1991లో ఇటలీ వైద్యుడు గోలీనో, ఆయన సహచరులు మనుషుల గుండెనాళాల్లోకి కొద్దికొద్దిగా సెరొటోనిన్ ఎక్కించి ఎక్స్‌రే చిత్రాలు తీశారు. ఆరోగ్యంగా ఉన్నవారి నాళం వెడల్పయింది. లోపలి పొర సెరొటోనిన్‌ను చూసి సడలించే వాయువు వదిలింది. కొవ్వు పేరుకుని పొర పాడైనవారి నాళం అదే సెరొటోనిన్‌కు ముడుచుకుపోయింది. కొందరికి అప్పుడే ఛాతీనొప్పి కూడా వచ్చింది. ప్లేట్‌లెట్లు ఇద్దరిలోనూ ఒకటే. అవి విడిచే పదార్థమూ ఒకటే. తేడా అంతా గోడలో ఉంది. పొగాకు, చక్కెర జబ్బు, రక్తపోటు, కొలెస్టరాల్ పాడుచేసేది ఆ గోడనే.

ఇక మొదట చెప్పిన జ్వరం సంగతి మిగిలింది. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అంటే చిల్లికి అడ్డం పడేవాళ్ళే కాదు, నాళాన్ని బిగించేవాళ్ళు కూడా తగ్గారన్నమాట. దానికి తోడు ఒంటినొప్పులకని ఆస్పిరిన్ వేస్తే, మిగిలిన కొద్దిమంది చేతులు కూడా కట్టేసినట్టే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు తాళం శాశ్వతంగా వేయకపోయినా, వాటి ప్రభావం ఉన్నంతసేపు చేసేది అదే పని. అందుకే డెంగీ అనుమానం ఉన్నప్పుడు జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే ఇస్తారు. రోజూ గుండెకు ఆస్పిరిన్ వేసుకునేవారికి జ్వరం వస్తే, వాళ్ళంతట వాళ్ళు మానకుండా, కొనసాగించకుండా, మాత్రల చీటీ తీసుకుని ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఛాతీలో నొక్కినట్టు నొప్పి వచ్చి, ఎడమచేతికో దవడకో పాకి, చెమట పడితే మాత్రం తెల్లవారేదాకా చూడకండి. జాలహళ్ళి నుంచి దేవదుర్గం చేరాలి, అక్కడ అవసరమైతే రాయచూరు పంపుతారు. బండి ఎక్కేముందే 108కి ఫోను చెయ్యండి. రోగికి ఆస్పిరిన్ పడదనీ, కడుపులో పుండు ఉందనీ, రక్తం వాంతి అయిందనీ ఏదైనా ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. ఆస్పిరిన్ మాత్ర నమిలించాలో వద్దో వాళ్ళే చెబుతారు.